సుగ్రీవాజ్ఞయు మధువనభంగమును

తెలుఁగువారి నోట ‘సుగ్రీవాజ్ఞ’ యనుమాట నేఁటికిని జీవించియున్నది. తండ్రిమాటకుఁ గొడుకు మాఱుపలుకరాని యింటను, పై యధికారి వ్రాఁతకుఁ గ్రింది యుద్యోగి బదులు చెప్పరాని కచేరిలోను, ప్రధానోపాధ్యాయుని యుత్తరువుమీఁద నుపాధ్యాయులు నోరెత్తలేని పాఠశాలలోను ఆ మాట వినఁబడును. దాఁటరానిది, తిరుగులేనిది, తప్పినచోఁ దలపోవునది యని దాని యర్థము. ఈ లోకోక్తికిఁ బుట్టినిల్లు వాల్మీకి కిష్కింధాకాండము. అయితే లోకము ఆ గ్రంథమునుండి యాజ్ఞలో సగమును మాత్రమే తెచ్చుకొన్నదనియు, తక్కిన సగము గ్రంథమందే నిలిచిపోయినదనియు నా తలంపు. పలువురచేతఁ గష్టమైన పని చేయింపవలసినవాఁడు ఎంత కఠినుఁడై యుండవలెను, ఎంత దయాళువై యుండవలెను అను ప్రశ్నను వాల్మీకి నీతిశాస్త్రకారుని వలె సూత్రరూపమున నడుగలేదు. ఒక జట్టును దక్షిణదిక్కునకుఁ బంపి, దానిని జావు దాఁకఁ దెచ్చి, మరల నింటికి రప్పించి, ఆ కథలో నడిగినాఁడు. ఆ కథను వరుసగాఁ బరిశీలింతము. సర్గసంఖ్యలు దాక్షిణాత్యపాఠము ననుసరించి యిచ్చుచున్నాను.

సుగ్రీవుని యాజ్ఞ యొక్కటి కాదు, మూఁడు. వర్షకాలము గడచిన పిమ్మట హనుమంతుఁడు మెల్లఁగా హెచ్చరింపఁగా, సేనలను రప్పింపుమని నీలునకుఁ జెప్పినది మొదటిది (29వ సర్గ). 15 రాత్రులలో రానివానికిఁ బ్రాణదండనము. అందు విచారణ యక్కఱలేదు. లక్ష్మణుఁడు కిష్కింధకు వచ్చిన తరువాత మరల దూతలను బంపినది రెండవది (37వ సర్గ). ఈసారి గడువు 10 దినములు, శిక్ష యదియే. సీతను వెదకుటకు నాలుగుదిక్కులకు నాలుగు జట్లను బంపినపు డిచ్చినది మూఁడవది (40వ సర్గ మొదలు). మాసము దాఁటి నిలిచినవాఁడు వధ్యుఁడు. లోకోక్తిలో నిలిచిన సుగ్రీవుఁ డితఁడే.

ఈ మూఁటిలో మొదటి యాజ్ఞ నిచ్చిన వెంటనే యతఁడు చేసిన పని యేమి? అంతఃపురముఁ బ్రవేశించుట. ఇతరులకుఁ బదునైదు రాత్రులు కొలిచి యిచ్చినవాఁడు తన రాత్రులను లెక్కింప మఱచెను. రామునకుఁ దా నిచ్చిన మాట గడువు తీఱినది, శరత్తు వచ్చినది, రాముఁడు మాల్యవంతముమీఁద నెదురుచూచుచున్నాఁడు. వాలి పోయిన త్రోవ యింకను మూసికొనిపోలేదని రాముఁడు చెప్పి పంపిన హెచ్చరిక యీ సందర్భములోనిదే. ఇంతకన్నఁ గఠినమైన మాట యుండఁబోదు. కాని దాని తరువాతి ఘట్టమునుఁ జూడుఁడు. లక్ష్మణుఁడు నిజముగా సుగ్రీవునిఁ జంపుదునని లేచినపుడు రాముఁ డతనిని నిలిపి, కఱకుమాటలు విడిచి సామముతోఁ గూడిన పలుకుల నాడుమని యుపదేశించెను (31వ సర్గ). హెచ్చరిక రామునిదే, హెచ్చరికకు మెత్తఁదనము గూర్చినదియు రాముఁడే. పిదపఁ దార వచ్చి, చిరకాలము కష్టపడినవాఁడు సుఖము దొరకఁగానే కాలము నెఱుఁగకపోవుట సహజమనియు, ఘృతాచియందుఁ దగిలిన విశ్వామిత్రుఁడు పదియేండ్లను ఒక్కదినముగా నెంచెననియుఁ జెప్పి లక్ష్మణుని శాంతింపఁజేసెను (35వ సర్గ). అనఁగా గడువు దాఁటిన సుగ్రీవుఁడు క్షమింపఁబడినాఁడు. అతని కొఱకు వాదించుటకుఁ దార యున్నది. అతని మనస్సు నెఱిఁగి క్షమించుటకు రాముఁ డున్నాఁడు. అట్లు క్షమింపఁబడినవాఁడే కొన్నిదినములైనఁ గాకముందే, గడువు దాఁటిన వానరులు వధ్యులని శాసించెను! వాల్మీకి యీ రెంటిని దగ్గఱదగ్గఱగా నుంచుట యాదృచ్ఛికమని నేను నమ్మఁజాలను.

ఇఁక లోకోక్తి విడిచిన సగము. దక్షిణమునకుఁ బోవు జట్టునకు మార్గములెల్లఁ జెప్పి ముగించునపుడు (41వ సర్గ) సుగ్రీవుఁడు శిక్షతో నాపలేదు. మాసములోపల వచ్చి సీతను జూచితి నని యెవఁడు చెప్పునో, వాఁడు తనతో సమానమైన వైభవము ననుభవించుననియు, తన ప్రాణముకంటెఁ బ్రియుఁడగుననియు, పలుమార్లు తప్పుచేసిన వాఁడైనను తనకు బంధువగుననియుఁ బలికెను. ఈ కడపటిమాటను బాఠకులు సాధారణముగా ఫలశ్రుతివలెఁ జదివి దాఁటిపోదురు. సంస్కృతము చదివిన పండితులు సయితము దీనిమీఁద నిలుచుట యరుదు. నా దృష్టిలోఁ గిష్కింధాసుందరకాండములను గలుపు కీలు ఇచ్చటనే యున్నది. అపరాధము చేసినవాఁడు బంధు వగుట యెట్లో తెలియవలె ననినచో, మధువనము దాఁకఁ బోవలెను. మన భాస్కరరామాయణమును బలువురు కవులు పంచుకొని రచించినను, కిష్కింధాసుందరకాండములు రెండును మల్లికార్జునభట్టు చేతివే యగుట మన యదృష్టము. తెలుఁగులో నీ రెండు ఘట్టములను గలిపి చదువఁగోరువాఁ డొకే కంఠమును వినఁగలఁడు.

శిక్ష పని చేయలేదని యనరాదు. తూర్పునకుఁ బోయిన వినతుఁడును, ఉత్తరమునకుఁ బోయిన శతబలియు, పడమరకుఁ బోయిన సుషేణుఁడును మాసము నిండునప్పటికిఁ దిరిగివచ్చి, సీత కానరాలేదని చెప్పిరి (47వ సర్గ). వారి నెవ్వరును దండింపలేదు. గడువు లేని పని గడువు లేకుండఁగనే సాగిపోవును. తామసుఁడైన రాజు క్రింది సేనకు గడువు మఱింత యవసరము. మూఁడుదిక్కుల వెదకుట సకాలమునఁ దీఱినది సుగ్రీవాజ్ఞ వలననే. అయితే యా మూఁడుదిక్కులలోను సీత లేదు. సీత యున్న దిక్కున నాజ్ఞ యేమి చేసినదో చూడవలెను.

దక్షిణపు జట్టు వింధ్యాటవులలో వెదకి వెదకి డస్సి, ఋక్షబిలముఁ జొచ్చి, స్వయంప్రభ దయవలన వెలువడునప్పటికి మాసము గడచిపోయినది. గడువు దాఁటినదని తెలిసిన క్షణమున వారి మాటలు సీతను గూర్చినవి కావు, వెదకవలసిన తావులను గూర్చినవియుఁ గావు, సుగ్రీవుని గూర్చినవి. సుగ్రీవుఁడు స్వభావముచేతనే తీక్ష్ణుఁడనియు, ఇపుడు ప్రభుత్వము గూడఁ దోడైనదనియు, తప్పినవారిని క్షమింపఁడనియు నంగదుఁడు చెప్పెను (53వ సర్గ). తనకు యౌవరాజ్యమిచ్చినది రాముఁడు గాని సుగ్రీవుఁడు కాఁడని పాతపగను దలఁచెను. తారుఁడను వానరుఁడు బిలములోనే దాఁగియుందమని సలహా చెప్పెను. ఇంతవఱకు వీరవానరులైనవారు ఇపుడు పారిపోవు త్రోవ వెదకుచున్నారు. ఆ జట్టులో నంగదుఁడు, జాంబవంతుఁడు, హనుమంతుఁడు ఉన్నారను సంగతి మఱవరాదు. కిష్కింధలో నింతకు మించిన జట్టు లేదు. భయము మందబుద్ధులను మాత్రమే చెఱుచు నని తలఁచువారికి ఈ ఘట్టము జవాబు.

హనుమంతుఁడు వారిని మరల్పఁ జూచెను. బిలమున దాఁగినను లక్ష్మణుని బాణములు దానిని ఆకుదొప్పను వలెఁ జీల్చునని వెఱపించెను. భార్యాపుత్రులను విడిచి యీ వానరులు నీతో నిలువరని భేదము నెఱపెను. సుగ్రీవుఁడు ధర్మపరుఁడు, నీ తల్లికిఁ బ్రియము చేయఁగోరువాఁడు, అతనికి వేఱు సంతానము లేదు, నీయందుఁ బ్రీతి గలవాఁడు అని యోదార్చెను (54వ సర్గ). ఇంత చతురమైన ప్రసంగము హనుమంతుని నోట వెలువడియు విఫలమైన సందర్భము రామాయణమున మఱియొకటి దొరకుట కష్టము. అందలి ప్రతివాక్యమును దాదాపు సత్యమే. తరువాతి కథ దానిని స్థాపించినది. కాని యంగదుఁడు నమ్మలేదు. చంపుదు నని పంపినవాని ప్రీతిని, ఆ పంపఁబడినవాఁడు ఇతరుల నోట విని నమ్మునా? దక్షిణతీరమున దర్భలు పఱచుకొని అంగదుఁడు ప్రాయోపవేశమునకుఁ గూర్చుండెను. తక్కినవారెల్ల నేడ్చుచు నతనిఁ జుట్టి కూర్చుండిరి (55వ సర్గ).

ఇచ్చట విమర్శకుఁడు చెప్పవలసిన మాట యొకటి యున్నది. ఆజ్ఞ యొక్క కాఠిన్యము పనిని జేయించుటకై పుట్టినది. గడువు దాఁటిన క్షణమున నదియే పనిని జంపినది. సీత నూఱు యోజనముల దూరమున నున్నది. వెదకవలసినవారు తీరమున జచ్చుటకుఁ గూర్చున్నారు. ఇట్టి దుస్స్థితిని సుగ్రీవుఁడే యెఱుఁగును. సుందరకాండము 64వ సర్గలో రామునితో మాటాడుచు, కార్యము చెడినచో గడువు దాఁటిన తరువాత వారిచ్చటికి రాలేరనియు, అంగదుఁడు తన యెదుటికి రానే రాఁడనియు నతఁడే చెప్పెను. రామునకు ధైర్యము చెప్పుటకై పలికిన వాక్యమది. కాని దానిని దిరిగి చదివినచో రాజ్యనాయకునకుఁ గలిగిన గొప్పలోపము బయటపడును. ఓడినవాఁడు తన యొద్దకు రాఁడు. అనఁగా ఓటమివార్తయుఁ దన యొద్దకు రాదు. ఓటమివార్త రాని రాజు మఱియొక జట్టును బంప వలెనో, దిక్కు మార్పవలెనో యెట్లెఱుఁగును? ఈ కథను గాపాడినది సంపాతి. ఆహారము దొరకినదని కొండమీఁదనుండి చూచి సంతోషించిన యా గ్రద్ద, జటాయువు పేరు విని తమ్ముని దలఁచి, లంకజాడఁ జెప్పెను. ఇది కేవలము దైవికము. అన్ని కచేరులకును, అన్ని పాఠశాలలకును సంపాతి దొరకఁడు.

సముద్రతీరమునఁ గథ మాఱినది. నిన్నటివఱకుఁ జావఁబోయిన యంగదుఁడే నేఁడు, విషాదమునకు మనసు నీయరాదనియు, కోపించిన పాము పసివానిని జంపినట్లు అది పురుషునిఁ జంపుననియుఁ దనవారికి బోధించెను (64వ సర్గ). తరువాత నెవఁడు దాఁటఁగలఁడని యడిగెను. ఆ యడుగుటలోఁ గత్తి లేదు. ఎవ్వని ప్రసాదమువలన మన మిండ్లకుఁ బోయి భార్యాపుత్రులను జూతుమని యున్నది. అందులకు గజుఁడు పది యోజనములని మొదలుపెట్టి, ఒక్కొక్కఁడు తన శక్తిని జెప్పుకొనెను. జాంబవంతుఁడు తొంబది యోజనములు పోఁగలనని చెప్పెను (65వ సర్గ). ఈ పట్టికను గొందఱు నీరసమైన యావృత్తిగాఁ దలఁతురు. బాలురకుఁ బాఠము చెప్పునపుడు దీనిని విడిచిపోవుటయుఁ గలదు. నా కది యీ ఘట్టమున కెల్లఁ బ్రాణముగాఁ దోఁచుచున్నది. తన వలనఁ గానిదానిని సిగ్గుపడక, వెఱవక, యున్నది యున్నట్లు చెప్పుకొనఁగలిగిన సభ కిష్కింధలో నెన్నఁడైనఁ గూడినదా? పదియే యని చెప్పిన గజుని నెవ్వఁడును నవ్వలేదు. నూఱు యోజనములు పోఁగలను గాని తిరిగివచ్చుట సందేహమని యువరాజును ఒప్పుకొనెను. కావలసిన పని యెంతయో తగ్గింపలేదు. నూఱు యోజనములు నూఱు యోజనములే. అయినను ఉన్న బలమును గొలిచికొనుటకు వారికి వీలైనది.

అంగదుఁడు తానే పోవుదు ననఁగా జాంబవంతుఁ డొప్పుకొనలేదు. నీవు పంపవలసినవాఁడవు గాని పంపఁబడవలసినవాఁడవు కావు, కార్యమునకు మూలమవు, మూలమును రక్షించుకొనుట నీతి యని చెప్పెను. దీని కంగదుఁడిచ్చిన బదులు గమనింపఁదగినది. ఎవరును బోనిచో మరలఁ బ్రాయోపవేశమే గతి; సుగ్రీవుఁడు ప్రసాదమునందును, కోపమునందును గూడ మితి మీఱు ప్రభువు అని యతఁ డనెను. సుగ్రీవునిఁ గూర్చి రామాయణమున నున్న వర్ణనలలో నింత సూక్ష్మమైనది నాకుఁ గనఁబడలేదు. అతనికి దయ లేదని పినతండ్రిపైఁ బగ గల యంగదుఁడు సయిత మీ మాటలో ననలేదు. రెండును గలవు, రెంటికిని హద్దు లేదు, అదియే భయకారణము.

అప్పుడు జాంబవంతుఁడు ఏకాంతమున నూరకయే కూర్చున్న హనుమంతుని యొద్దకుఁ బోయెను (66వ సర్గ). ఇచ్చట మన పురాణకాలక్షేపములలో నొక యంశము చొప్పింపఁబడును: హనుమంతుఁడు ఋషిశాపమువలనఁ దన బలము మఱచియుండెననియు, జాంబవంతుఁడు గుర్తుచేయఁగా శాపము తీఱెననియు. ఆ శాపకథ యుత్తరకాండమునందలిది (36వ సర్గ). కిష్కింధాకాండమున నీ సందర్భమున దాని ప్రసక్తియే లేదు. రెంటిని గలిపినచో జాంబవంతుని ప్రసంగము తాళముచెవి త్రిప్పుట వంటి దగును. అందలి మనుష్యధర్మము నశించును. వాల్మీకిని వాల్మీకిగాఁ జదివితిమేని జాంబవంతుఁ డేమి చేసెనో తెలియును. అతఁడు హనుమంతుని పుట్టుక చెప్పెను; బాల్యమున సూర్యుని ఫలమని తలఁచి యెగిరినది, ఇంద్రుని వజ్రము దగిలి యెడమదౌడ విఱిగినది, వాయువు కోపించినది, దేవతలు వరములిచ్చినది చెప్పెను. తాను త్రివిక్రముని కాలమున భూమిని ఇరువదియొక్కమార్లు ప్రదక్షిణము చేసినవాఁడనని, నేఁడు ముదుసలి నైతి ననియుఁ జెప్పెను. ఈ వానరు లెల్ల దుఃఖితులై నిన్నుఁ జూచుచున్నారనియుఁ జెప్పెను.

ఇందుఁ బొగడ్త గలదు, కాని పొగడ్త యొక్కటియే కాదు. జాంబవంతుఁ డడిగినది యేమి? మూఁడుదిక్కుల సేనాపతు లెవ్వరును జేయనిది. అంగదుఁడు తిరిగిరాలేనేమో యని శంకించినది. తాను పది యోజనముల కొఱఁతచేఁ జేయలేనిది. సుగ్రీవుఁడు వానరుల నడిగినదానికంటె నిది యెన్నియో రెట్లు గొప్పపని. అయినను హనుమంతుఁడు దానిని భారముగాఁ గాక తన స్వరూపముగా నెంచి పెరిగెను. సుగ్రీవుఁడు ‘నీవు చేయకున్న నే నేమి చేయుదునో’ చెప్పెను. జాంబవంతుఁడు ‘నీ వెవఁడవో’ చెప్పెను. ఈ రెండవది చెప్పుట కష్టము. దానికై యెదుటివాని బాల్యమును, విఱిగిన దౌడను ఎఱిఁగియుండవలెను. తన యశక్తిని ముందుగాఁ జెప్పుకొనవలెను. పాఠశాలలోఁ గడపటి బల్లమీఁద నూరక కూర్చుండు బాలునియొద్దకుఁ బోయెడి యుపాధ్యాయుఁ డిది యెఱుఁగును. బెత్తము చేతఁబట్టి వచ్చినవాఁడు ఎఱుఁగఁడు.

లంకలో సీత కనఁబడనపుడు హనుమంతుఁడును నిరాశచెందెను (సుందరకాండము, 13వ సర్గ). తాను రిక్తహస్తుఁడై పోయినచో రాముఁడు బ్రదుకఁడు, లక్ష్మణుఁడు బ్రదుకఁడు, భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుఁడు, రుమ, తార, అంగదుఁడు – ఇట్లొకరి వెంట నొకరు పోవుదురని వరుసగాఁ దలఁచెను. అంగదుని నిరాశతో దీనిని బోల్చి చూడవలెను. అచ్చట ‘సుగ్రీవుఁడు నన్నుఁ జంపును’ అనునది. ఇచ్చట ‘నా వలన వీరందఱు చత్తురు’ అనునది. మొదటిది తీరమునఁ గూర్చుండఁబెట్టినది. రెండవది యింకను వెదకని యశోకవనము వైపునకు నడపినది. యుద్ధకాండము మొదటి సర్గలో రాముఁడు భృత్యులను మూఁడు తెగలుగా విభజించుటయు నిట్టిదే. అప్పగించిన దుష్కరకార్యమును నెఱవేర్చి యనురాగముతో నంతకు మించి చేయువాఁ డుత్తముఁడు. శక్తుఁడై యుండియుఁ జెప్పినంత మాత్రమే చేయువాఁడు మధ్యముఁడు. శక్తి యుండియుఁ జేయనివాఁ డధముఁడు. ఇంతకంటె నున్నతమైన కొలఁత యుండునా? చెప్పిన పని చెప్పినట్లు చేసినను మధ్యముఁడే! కాని యాజ్ఞకు మించిన దానిని ఆజ్ఞాపించు టెట్లు? కొలఁత చెప్పిన నోటితోనే రాముఁడు, ఇతనికిఁ దగిన ప్రియము నేను జేయలేకున్నాను గదా యని దుఃఖించి, తన సర్వస్వమును గౌఁగిలియేయని హనుమంతునిఁ గౌఁగిలించుకొనెను.

ఇఁక మధువనము (సుందరకాండము, 61–64 సర్గలు). పురాణము చెప్పువారు దీనిని హాస్యమునకై చెప్పుదురు. త్రాగిన కోఁతుల యాట శ్రోతలకుఁ బ్రియము. కాని యీ వనము సామాన్యమైనది కాదు. తండ్రితాతలనాఁటినుండి వచ్చినది; ఋక్షరజస్సు గాని, వాలి గాని, సుగ్రీవుఁడు గాని దాని నెన్నఁడు నొరులకు విడువలేదని కావలివాఁడైన దధిముఖుఁడు చెప్పుచున్నాఁడు. ఈ దధిముఖుఁడు సుగ్రీవునకు మేనమామ. గడువు దాఁటినవారు, వధ్యులని శాసింపఁబడినవారు, రాజు మొగముఁ జూడకమునుపే రాజవనముఁ గొల్లఁగొట్టి, రాజు మేనమామను గొట్టిరి. అపరాధములను లెక్కించినచో మూఁ డైనవి. వార్త వినఁగానే సుగ్రీవుఁడు లక్ష్మణునితో, కార్యము సాధింపనివారి కింత చొరవ కలుగదనియు, సీత కనఁబడినదనియు, జాంబవంతుఁడు నాయకుఁడై, అంగదుఁడు సేనాపతియై, హనుమంతుఁ డధిష్ఠాతయై యున్నచోటఁ గార్యము వేఱొకగతిఁ బోవదనియుఁ జెప్పెను. దధిముఖునితో, పని సాధించినవారి చేష్ట సహింపఁదగినది, సహించితి ననెను. 41వ సర్గలోఁ బలికిన మాట – పలుమార్లు తప్పుచేసినను బంధువే యనుమాట – ఇచ్చట మొలకెత్తినది. గడువు సంగతి యిఁక నెత్తలేదు.

దీనిని సుగ్రీవుని యౌదార్యమని మెచ్చుకొని యాపివేయుట సులభము. అందు మెచ్చుకొనఁదగినది నిజముగాఁ గలదు: తప్పు కనఁబడఁగానే తప్పుననే చూడక, దాని వెనుక నేమి జరిగియుండునో యూహించుట. కఠినశాసనుఁ డైన రాజునకు ఆ చూపు సులభముగా రాదు. తన వానరులను అతఁడు బాగుగా నెఱుఁగును. చోద్యమేమనఁగా ఈ యెఱుక యాజ్ఞ యిచ్చునాఁడును అతనికిఁ గలదు. కలిగియు దానిని వెలిపుచ్చలేదు. అంగదుఁడు దర్భలమీఁదఁ గూర్చుండుటకు అదియే కారణము.

దధిముఖుని మాట యేమి? అతఁడు తన ధర్మమును దాను జేసినాఁడు. కావలిదారులు కొట్టఁబడిరని విని పరుగెత్తివచ్చి వారించినాఁడు. ముసలివాఁడని చూడక యంగదుఁడు నేలఁబడవైచి యీడ్చినాఁడు. సుగ్రీవుని పాదములమీఁద వ్రాలఁగా సుగ్రీవుఁ డభయమిచ్చి లేవనెత్తెను, సరియే. కాని తుదకు, వనమును మరలఁ గాచుకొనుము, వారిని శీఘ్రముగాఁ బంపుము అని తిరిగి పంపెను. కొట్టఁబడినవాఁడే పోయి, కొట్టినవానిని క్షమాపణ వేఁడికొనవలసివచ్చెను. గెలిచినవారియందు దయ చూపుట యెట్టి ప్రభువునకైనఁ బ్రియమే; దాని వెల నిచ్చినది మాత్రము దధిముఖుఁడు. అంగదుఁడు చెప్పిన ‘ప్రసాదమునందును మితిమీఱుట’ యిచ్చటఁ గనఁబడుచున్నది. అయోధ్యాకాండము 100వ సర్గలోఁ జిత్రకూటమున రాముఁడు భరతు నడిగిన ప్రశ్నలు నా కీ సందర్భమున గుర్తువచ్చుచున్నవి. సైన్యమునకుఁ దగిన భత్యమును వేతనమును గాలము మీఱక యిచ్చుచున్నావా? కాలము మీఱినచో భృత్యులు ప్రభువుపైఁ గోపింతురు, అది మహానర్థము. ఉగ్రదండముచేఁ బ్రజలు కలఁతపడుట లేదుగదా? భారత సభాపర్వమున నారదుఁడు ధర్మజు నడిగిన ప్రశ్నలు, నన్నయ తెనిఁగించినవి, ఈ జాతిలోనివే. అందు మధూత్సవములు లేవు, ప్రాణముకంటెఁ బ్రియుఁడవను మాటలు లేవు. నెలనెలకుఁ జేరవలసినది చేరుట, కొలఁత తప్పని దండము – ఇంతే. దధిముఖుని వంటివారు బ్రదుకునది యిట్టివానిపైననే. సముద్రము దాఁటువాఁడు సేన కొక్కఁడు. తోట కాచువారు వేలు.

సుగ్రీవుఁడు పూర్ణముగా నేర్వలేకపోయినదానిని వేఱొకఁడు నేర్చినాఁడు. దధిముఖుఁడు మరలివచ్చి వినయముతో సుగ్రీవుని సందేశము చెప్పఁగా, అంగదుఁడు తనవారివైపు తిరిగి యనిన మాటలు 64వ సర్గలోఁ గలవు. రామునకు వార్త ముట్టినదని శంకించుచున్నాను, ఇఁక నిలువరాదు, మీరెట్లు చెప్పుదురో యట్లు చేయుదును, నేను యువరాజునైనను మిమ్ము నాజ్ఞాపింపఁజాలను, పని చేసివచ్చిన మిమ్ము నేను నిర్బంధించుట తగదు – ఇది తాత్పర్యము. నూఱు యోజనములకుఁ దక్కువ యొప్పుకొననివాఁ డితఁడే; తీరమున నొక్కొక్కని శక్తిని గ్రుచ్చి యడిగినవాఁ డితఁడే. ఈ మాటలు విన్న వానరులు, ప్రభువై యుండి యిట్లు పలుకువాఁ డెవఁడు, ఐశ్వర్యమదమత్తు లెల్లరును ‘నేను’ అనియే తలఁతురు గదా యని చెప్పికొని, నీ యనుమతి లేక మే మొక్కయడుగు వేయఁజాలమని చేతులు మొగిడ్చిరి. కొన్నిదినముల క్రిందట ఈ వానరులే సుగ్రీవాజ్ఞకు వెఱచి బిలమున దాఁగఁదలఁచినవారు.